దరువు లేని ఎదురుచూపు: రిచర్డ్ మార్క్స్ ‘రైట్ హియర్ వెయిటింగ్’

1989 ఆగస్టులో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి స్థానానికి వచ్చిన పాటలను వరుసగా పెట్టుకుని వింటే ఒక విచిత్రం బయటపడుతుంది. నెల మొదట్లో ఆ స్థానంలో ఉన్నది ప్రిన్స్ ‘బ్యాట్‌డాన్స్’. సెప్టెంబరు రాగానే అక్కడికి చేరినది పౌలా అబ్దుల్ ‘కోల్డ్ హార్టెడ్’. రెండూ కాలు కదపడానికి కట్టిన పాటలే, రెండింటికీ దరువే ప్రాణం. ఆ రెంటి నడుమ మూడు వారాల పాటు అగ్రస్థానంలో కూర్చున్నది మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒక్క డ్రమ్ము దెబ్బ కూడా వినిపించని పాట. అమెరికా గాయకుడు రిచర్డ్ మార్క్స్ రాసి పాడిన ‘రైట్ హియర్ వెయిటింగ్’ గురించి ఏదైనా చెప్పాలంటే నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే, ఇన్నేళ్ళుగా ఆ పాట పాతబడకుండా ఉండడానికి దాని ప్రేమ ఎంత కారణమో, అందులో లేని డ్రమ్ములూ అంతే కారణమని నా అభిప్రాయం.

ఆ దశాబ్దపు పాటలను ఇప్పుడు వింటే, గాయకుడు నోరు తెరవక ముందే అవి ఏ కాలానివో చెప్పేయవచ్చు. స్నేర్ డ్రమ్ము మీద ప్రతిధ్వనిని బాగా పెంచి, అది సహజంగా సన్నగిల్లేలోపే కత్తితో కోసినట్టు ఆపేసే పద్ధతి అప్పట్లో ప్రతి స్టూడియోలోనూ రాజ్యమేలింది. ఆ చప్పుడు ఎనభైలకు వేసిన రబ్బరు స్టాంపు లాంటిది. మార్క్స్‌కు మొదటిసారి అగ్రస్థానాన్ని తెచ్చిపెట్టిన 1988 నాటి ‘హోల్డ్ ఆన్ టు ద నైట్స్’ కూడా మెల్లగా మొదలైనా, చివరికి డ్రమ్ములనూ ఎలక్ట్రిక్ గిటారునూ పిలుచుకుని ఉప్పొంగుతుంది. మంచి పాటే, కానీ వినగానే దాని పుట్టిన సంవత్సరం తెలిసిపోతుంది. ‘రైట్ హియర్ వెయిటింగ్’లో ఉన్నవి పియానో తరహా కీబోర్డు, దాని కింద పలుచగా పరచుకునే సింథసైజర్, నైలాన్ తీగల గిటారు, ఒక గొంతు, అంతే. కాలాన్ని పట్టించే ఆనవాలు ఏదైనా ఉంటే అది ఆ సింథసైజరులోనే ఉంది, అదీ చెవి ఒగ్గి వింటేనే దొరుకుతుంది.

ఈ పాట పుట్టుక గురించి మార్క్స్ చాలాసార్లు చెప్పుకున్నాడు. నటి సింథియా రోడ్స్‌తో ఆయనకు అప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు, ఆ తరువాత చేసుకున్నాడు. ‘డర్టీ డాన్సింగ్’ సినిమా చూసినవారికి ఆమె గుర్తుండే ఉంటుంది. ఆమె సినిమా చిత్రీకరణకు దక్షిణాఫ్రికాలో ఉండగా, చూసి వద్దామని ఆయన వీసాకు దరఖాస్తు పెట్టుకుంటే అది రాలేదు. దాంతో పియానో ముందు కూర్చుని, ఆమెకు ఉత్తరం రాస్తున్నట్టుగా, సుమారు 20 నిమిషాల్లో ఈ పాట కట్టాడు. దీన్ని అమ్మకానికి పెట్టాలన్న ఆలోచన అప్పుడు లేదనీ, విన్న స్నేహితులు పట్టుబట్టడంతో రికార్డు చేశాననీ ఆయన చెప్పే మాట. కళాకారులు తమ పాటల గురించి చెప్పే పుట్టుక కథలను నేను సాధారణంగా సగానికి సగం తగ్గించుకుని వింటాను గానీ, ఈ పాట నిర్మాణం చూస్తే ఈ కథను నమ్మబుద్ధవుతుంది. సభలో పాడేందుకు కట్టిన పాటకు ఊరించే ఆరంభమూ, చప్పట్ల కోసం ఆగే చోటూ ఉంటాయి. ఇక్కడ పలకరింపు కూడా లేదు. సముద్రాలు అడ్డంగా ఉన్నాయి, రోజులు గడుస్తున్నాయి, మతి పోతోంది అని మొదటి వాక్యంలోనే విషయానికి వచ్చేస్తాడు.

20 నిమిషాల్లో రాశాడంటే అదేదో ఆకాశం నుంచి ఊడిపడిందని అనుకోవద్దు. మార్క్స్ తండ్రి షికాగోలో వాణిజ్య ప్రకటనల పాటలు కట్టే సంగీతకారుడు. కొడుకు ఐదేళ్ళ వయసు నుంచే వాటికి గొంతు ఇచ్చాడు. అర నిమిషంలో వినేవాడి నోట చరణం నిలబెట్టాల్సిన విద్య అది. తరువాత లాస్ ఏంజిలిస్ చేరి, గాయకుడు లయొనెల్ రిచీ రికార్డులకు వెనక గొంతుగా పాడాడు. నెమ్మది ప్రేమపాటను ఏ వేగంతో నడపాలో, ఎక్కడ పదాన్ని లాగాలో, ఎక్కడ వదిలేయాలో ఆ రోజుల్లో రిచీ కంటే బాగా తెలిసినవాళ్ళు తక్కువ. ప్రకటనల పాట నేర్పిన పొదుపూ, రిచీ దగ్గర చూసిన నిదానమూ రెండూ ఈ 4 నిమిషాల 24 సెకన్లలో కనిపిస్తాయి. పల్లవిని ఒక్కసారి విన్నవాడు రెండోసారికి కలిసి పాడగలడు. మన దగ్గర కీబోర్డు నేర్చుకునే పిల్లలకు ఇప్పటికీ ఈ పాట ఆరంభపు స్వరాల మీద మోజు ఉండడానికి కారణం ఇదే. మా మేనకోడలు తరగతిలో చేరిన నాలుగో నెలలోనే దీన్ని వాయించి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టింది; ఎడమచేయి తడబడినా ఎవరికీ పట్టలేదు.

ఇక మాటల సంగతి. ఈ పాటలో గొప్ప కవిత్వం ఉందని నేను అనను. ‘బేబీ’కి ‘క్రేజీ’ని అంత్యప్రాసగా పడేసిన చోట ప్రతిసారీ నాకు కాస్త చికాకు కలుగుతుంది, 20 నిమిషాలు కాక ఇంకో 5 నిమిషాలు కూర్చుని ఉంటే బాగుండేది అనిపిస్తుంది. అయితే పల్లవికి ముందు వచ్చే ఒక వాక్యం మొత్తం లోటును పూడ్చేస్తుంది. నిన్ను దాదాపు ఎన్నడూ చూడకుండా ఉంటే మనం ‘ఎప్పటికీ’ అనే మాట ఎలా అనుకోగలం అని అడుగుతాడు. ఆంగ్లంలో ‘నెవర్’, ‘ఫరెవర్’ అనే రెండు పదాలూ ఒకే శబ్దంతో ముగిసి, ఒకదాన్నొకటి ఎదిరిస్తాయి. ప్రేమికులు పుట్టినప్పటి నుంచి చేసుకుంటున్న ప్రమాణానికీ, ఆ ప్రమాణాన్ని కొరికి తినే దూరానికీ ఒకే ప్రాస వేశాడు. మన ప్రబంధకవికి ఇలాంటి ప్రాస దొరికితే రెండు సీసపద్యాలు నడిపేవాడు. మార్క్స్ ఒక్కసారి అని ముందుకు సాగిపోతాడు.

అదే తొలి చరణంలో ఫోను సంగతి వస్తుంది. తీగ మీద నీ గొంతు వినపడుతోంది గానీ నొప్పి తగ్గడం లేదు అన్న భావం. ఈ వాక్యం నాకు అర్థమైంది పాట వచ్చిన ఎనిమిదేళ్ళ తరువాత, విదేశాలకు ఫోను చేసుకునే ఒక ఐఎస్‌డీ బూత్‌లో. 1997లో మా అన్నయ్య ఉద్యోగానికి కాలిఫోర్నియా వెళ్ళాడు. వదిన కాగితాలు కూడి, మద్రాసు వెళ్ళి వీసా ముద్ర వేయించుకునే దాకా ఎనిమిది నెలలు గుంటూరులోనే ఉండిపోయింది. హైదరాబాదుకు అమెరికా కాన్సులేట్ వచ్చింది 2008లో. అంతకు ముందు మన వాళ్ళందరికీ మద్రాసు ప్రయాణమే గతి. ఆదివారం ఉదయం తోడుగా నన్ను తీసుకుని వదిన బూత్‌కు వచ్చేది. అద్దాల గదిలో ఆమె నిలబడితే, తల పైన గోడకు బిగించిన పెట్టెలో ఎర్రటి అంకెలు పరుగెత్తుతుండేవి. ఆమె మాట్లాడుతూ అన్నయ్య ముఖాన్ని ఊహించుకుంటోందో లేదో నాకు తెలియదు గానీ, కళ్ళు మాత్రం ఆ అంకెల మీదే ఉండేవి. భోంచేశావా, చలిగా ఉందా, మామయ్యగారి బీపీ తగ్గింది, అంతే. ఆ తరువాత ఇద్దరికీ మాట రాక ఒక మౌనం వచ్చేది. ఆ మౌనానికి కూడా మీటరు తిరిగేది. బయటికి వచ్చి, యంత్రం నుంచి చిరిగిన సన్నపు చీటీని మడిచి పర్సులో పెట్టుకుంటూ, ‘మాట్లాడకుండా ఉంటేనే నయం, మాట్లాడాక ఇంకా దిగులుగా ఉంటుంది’ అనేది. మార్క్స్ పాట ఒక్కసారి కూడా వినని మనిషి, ఆ పాటలోని వాక్యాన్ని గుంటూరు యాసలో అలా చెప్పేసింది.

ఇప్పుడు ఉచితంగా గంటల తరబడి ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకునే రోజుల్లో ఈ చరణం కాలం చెల్లిపోయి ఉండాల్సింది, కానీ చెల్లలేదు. డబ్బు భారం పోయింది, నొప్పి ఎక్కడికీ పోలేదు. డల్లాస్‌లో భర్త, హైదరాబాదులో భార్య, లేదా దానికి తారుమారైన జంటలు మన ఇళ్ళలో ఎన్ని లేవు? ఈ పాట మన వాళ్ళలో ఇంత నాటుకుపోవడానికి రాగం కంటే ఈ పరిస్థితే పెద్ద కారణమని నేను అనుకుంటాను. వీసా దొరకని మగవాడు రాసిన పాట తెలుగువాడికి పరాయిది ఎలా అవుతుంది?

మన అలంకారశాస్త్రానికి ఈ పరిస్థితి కొత్త కాదు. భర్త పరదేశంలో ఉండగా ఇంట విరహపడే స్త్రీని ప్రోషితభర్తృక అన్నారు, అష్టవిధ నాయికలలో ఆమెకో గద్దె వేశారు. పదాల నిండా, జావళీల నిండా ఆమే. మగవాడి విరహం మనకు లేదని కాదు. మేఘసందేశంలో యక్షుడు ఏడాది పొడవునా కుమిలిపోయాడు. కానీ అతడు శాపం తగిలి ఊరు విడిచినవాడు, ఇల్లు కాచుకుని ఉన్నది ఆమే. మార్క్స్ పాటలో పని మీద ఖండాంతరం వెళ్ళింది ప్రియురాలు, ఇంట కూర్చుని రోజులు లెక్కపెట్టేది ప్రియుడు. 1989లో రేడియోలో వినే ఆడవాళ్ళకు ఇది ఎంత తియ్యగా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎక్కడికైనా వెళ్ళు, ఏమైనా చేయి, నేను ఇక్కడే ఉంటాను అని ఒక మగవాడు, వెనక్కి రమ్మని ఒక్కసారి కూడా అడగకుండా, చెబుతున్నాడు. తిరిగి రా అన్న మాట పాట మొత్తంలో లేకపోవడం నేను ఆలస్యంగా గమనించాను. గమనించాక పాట మీద గౌరవం పెరిగింది.

అయితే ఇదే పల్లవిని ఆడ గొంతులో పెడితే రుచి పూర్తిగా మారిపోతుంది. ఈ విషయాన్ని అందరికంటే ముందు పసిగట్టినది గాయని బార్బ్రా స్ట్రైసాండ్. తనకో పాట కావాలని ఆమె అడిగితే మార్క్స్ దీన్ని పంపాడట. రాగం నచ్చింది గానీ మాటలు మార్చాలనీ, తాను ఎవరి కోసమూ ఇక్కడే కూర్చుని ఎదురుచూడబోననీ ఆమె జవాబిచ్చినట్టు ఆయనే నవ్వుతూ చెబుతాడు. నా లెక్కలో ఈ పాట మీద వచ్చిన అత్యుత్తమ విమర్శ అదే. ఇంటి దగ్గర ఎదురుచూడడమే వేల ఏళ్ళుగా వృత్తిగా ఉన్న వర్గం నుంచి ఒక మనిషి ఈ వాక్యాన్ని పాడితే, అందులో త్యాగం కంటే అలవాటు ఎక్కువ వినిపిస్తుంది. 1998లో గాయని మోనికా ‘112’ అనే గాయక బృందంతో కలిసి దీన్ని పాడింది. గొంతులు బాగున్నాయి, కానీ స్త్రీ పురుష గొంతులు ఒకే పాటలో పక్కపక్కన నిలబడ్డాక ఇక ఎవరికి ఎవరు దూరం? ఈ పాటకు అవతలి వైపు నుంచి జవాబు రాకూడదు.

గిటారు గురించి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. బ్రూస్ గైచ్ వాయించిన ఆ చిన్న సంగతి పాట నడిమధ్యలో వస్తుంది. అంతకు ముందు వచ్చే మలుపు చరణంలో, ఈ ప్రేమ ఎలా బతికి బట్టకడుతుందో తెలియదని మార్క్స్ మొదటిసారి సందేహపడతాడు. చివరికి నీతో ఉండగలిగితే చాలు, ఆ సాహసం చేస్తాను అంటాడు. అప్పటి పద్ధతి ప్రకారం ఆ మాట తరువాత ఎలక్ట్రిక్ గిటారు ఏడుస్తూ ఆకాశానికి ఎగబాకాలి, వెనక నుంచి డ్రమ్ములు విరుచుకుపడాలి. ఇక్కడ నైలాన్ తీగల మీద వేళ్ళతో మీటిన నాలుగు వాక్యాలు వచ్చి, పెద్దగా ఏమీ చెప్పకుండా తప్పుకుంటాయి. గదిలో ఒక మనిషి మాట్లాడి మాట్లాడి ఆగితే పక్కనున్న స్నేహితుడు ఏమనాలో తెలియక గిటారు అందుకున్నట్టు ఉంటుంది. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కసారి ఆ చోటు కోసమే వినండి.

మార్క్స్ గొంతులో సహజంగానే కొంత గరుకుదనం ఉంది. రాక్ పాటలు పాడే గొంతు అది. బాణీ మెత్తనైనా గొంతు పూర్తిగా మెత్తబడకపోవడం పాటకు మేలు చేసింది. ఇదే పాటను తేనె గొంతువాడు పాడితే పంటికి జివ్వుమనేది. స్థాయి కూడా మామూలు మనిషి అందుకోగలిగినంతే. ఆ తరువాతి కాలంలో పెద్ద ప్రేమపాటలన్నీ గాయకుల గొంతు బలానికి పరీక్షలుగా మారాయి, మనం విని ఆశ్చర్యపోవాల్సిందే తప్ప కలిసి పాడలేం. దీన్ని స్నానాల గదిలో పాడవచ్చు, పెళ్ళింట్లో పాడవచ్చు, కాలేజీ ఫెస్టులో మైకు కుదరకపోయినా పాడవచ్చు. మా కాలేజీలో ప్రతి ఏడాదీ ఒకడు పాడేవాడు, ప్రతి ఏడాదీ ఒక అమ్మాయి లేచి వెళ్ళిపోయేది. పాట తప్పు కాదనే ఇప్పటికీ నా వాదన.

ఈ ఒక్క పాట కోసం, ఇది ఉన్న ‘రిపీట్ అఫెండర్’ ఆల్బం కొనవచ్చా అని అడిగితే, తొందరపడవద్దంటాను. ఆల్బం చెడ్డది కాదు. ఈ పాటకు కొద్ది వారాల ముందే అగ్రస్థానం అందుకున్న ‘శాటిస్‌ఫైడ్’ అందులోదే, ‘ఏంజెలియా’ కూడా వినదగ్గదే. కానీ అది ప్రధానంగా రాక్ ఆల్బం. ఈ పాటను విని అదే నెమ్మదిని ఆశిస్తూ వెళ్ళినవారికి మిగతా డ్రమ్ముల హోరు చెవిన పడి బెంబేలెత్తిస్తుంది. ఈ మధ్య మార్క్స్ ఒంటరిగా వేదికనెక్కి, గిటారో పియానోనో పెట్టుకుని, కథలు చెబుతూ కచేరీలు చేస్తున్నాడు. వయసు మీద పడిన గొంతుతో ఈ పాట వింటే వేరే అర్థం తోస్తుంది. ఆ పెళ్ళి 2014లో విడాకులతో ముగిసింది. అయినా ఆయన పాడుతూనే ఉన్నాడు, జనం అడుగుతూనే ఉన్నారు. ఉత్తరం అందుకున్న మనిషితో నిమిత్తం లేకుండా ఉత్తరం మిగిలిపోయింది. 5కు 4 ఇస్తాను. ఆ కోసిన ఒక్కటీ ‘బేబీ–క్రేజీ’కి.

నేను ఈ పాటను మొదట విన్నది వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు, 1993లో. అప్పట్లో నచ్చిన పాటల పట్టీ రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు రికార్డింగ్ షాపులో ఇస్తే మూడు రోజుల్లో నింపి ఇచ్చేవారు. 60 నిమిషాల క్యాసెట్‌లో వీలైనన్ని పాటలు ఇరికించాలన్న మా ఆశ, ఆ షాపాయన లెక్క కలవక, ఈ పాట ‘ఎ’ వైపు చివర పడి, ఆఖరి పల్లవి మధ్యలో టక్కున ఆగిపోయింది. ‘ఎక్కడికి వెళ్ళినా, ఏం చేసినా’ అన్నంత వరకు వచ్చి, బొత్తాం పైకి లేచిన చప్పుడు. నాలుగేళ్ళు ఆ పాటను నేను అలాగే విన్నాను. ఆ మాట తరువాత టేపురికార్డరు బొత్తాం చప్పుడు రావడమే పాట ముగింపు అన్నట్టు చెవి అలవాటుపడిపోయింది.

పూర్తి పాట విన్నది చాలా ఏళ్ళ తరువాత, అన్నయ్య ఇంటికి వెళ్ళినప్పుడు, ఆయన కారులో. రేడియోలో వస్తుంటే అన్నయ్య శబ్దం పెంచాడు. ఆఖరి పల్లవి వచ్చినప్పుడు నేను ఆ చప్పుడు కోసం ఎదురుచూశాను. అది రాలేదు. చివరి మాటను మార్క్స్ పైకి లాగలేదు, అరవలేదు. నెమ్మదిగా కిందికి దించి పెట్టాడు. వెనక సీట్లో కూర్చున్న వదిన కిటికీలోంచి చూస్తూ, ‘ఇందాక ఫోను గురించి ఏదో అన్నాడు, ఏమిటది?’ అని అడిగింది. అన్నయ్య రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అర్థం చెప్పాడు. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత, ‘వాడికీ మీటరు తిరిగి ఉంటుంది’ అంది.